కదిలితే చాలదు, ఆగాలి, కనిపించాలి: సీమ రోడ్ల మీద సైకిల్

అనంతపురంలో తెల్లవారకముందే రోడ్డెక్కేవి సైకిళ్లు. పాల క్యాన్లు తగిలించుకున్నవి కొన్ని, పేపరు కట్టలు మోసేవి కొన్ని, రాత్రి కాపలా ముగించుకొని ఇంటిముఖం పట్టినవి కొన్ని. ఎండ ఎక్కేలోగా చుట్టుపక్కల పల్లెల నుంచి హైస్కూలు పిల్లలు బారులు తీరతారు. ప్రభుత్వ బడుల్లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు 'బడికొస్తా' పథకం కింద ఇచ్చిన సైకిళ్లు అక్క నుంచి చెల్లికి, చెల్లి నుంచి తమ్ముడికి చేతులు మారుతుంటాయి. కర్నూలులోనైనా, కడపలోనైనా పొద్దున పూట దృశ్యం దాదాపు ఇదే.

ఈ సైకిళ్లను ఒక్కొక్కటిగా ఆపి చూస్తే ఒక సంగతి తేలుతుంది. పంచరైన సైకిల్ ఆ పూటే అంగడికి పోతుంది. చైను తెగినా అంతే. అవి బాగు చేయించకపోతే సైకిల్ కదలదు. బ్రేకు రబ్బరు అరిగిపోతే మాత్రం సైకిల్ కదలడం ఆగదు. వెనక ఎర్ర రిఫ్లెక్టరు ఊడిపోయినా కదులుతుంది. అందుకే ఆ రెండూ నెలల తరబడి అలాగే ఉండిపోతాయి. సైకిల్ మొరాయిస్తేనే మరమ్మతు అనుకున్నంత కాలం ప్రాణం మీదికి తెచ్చే లోపాలు ఎవరి లెక్కలోకీ రావు. కదలడం గురించి సైకిలే చెబుతుంది. ఆగుతుందా, కనిపిస్తుందా అన్నది మనం అడిగి తెలుసుకోవాలి.

బ్రేకు అసలు పట్టేది ఎక్కడ

28 అంగుళాల చక్రాల పెద్ద నల్ల సైకిల్‌కు రాడ్ బ్రేకులు ఉంటాయి. పిడి నొక్కితే ఇనుప కడ్డీ పైకి లాగుతుంది, రబ్బరు ముక్కలు రిమ్ము లోపలి వైపు నుంచి అతుక్కుంటాయి. రిమ్ము పక్కలకు కాస్త వంకరపోయినా ఈ బ్రేకు పని చేస్తుంది కాబట్టే పల్లె రోడ్లకు ఇది ఇన్నాళ్లు నిలిచింది. దీని బలహీనత కడ్డీలను కలిపే నట్లలో ఉంది. గతుకుల మీద అదిరి అదిరి అవి వదులవుతాయి. పిడి హ్యాండిల్‌కు తగిలేదాకా నొక్కినా చక్రం ఆగడం లేదంటే సగం సార్లు రబ్బరు బాగానే ఉంటుంది, కడ్డీ మాత్రం నట్టులో జారిపోయి ఉంటుంది. అప్పుడు రబ్బరు మార్చినా ప్రయోజనం ఉండదు. పిడి వదిలేసి, రబ్బరుకూ రిమ్ముకూ మధ్య రెండు మిల్లీమీటర్ల సందు ఉండేలా కడ్డీని సర్ది నట్టు బిగించాలి. పిడి గట్టిగా నొక్కినప్పుడు హ్యాండిల్‌కూ పిడికీ మధ్య కనీసం ఒక వేలు పట్టాలి.

రబ్బరు మార్చేటప్పుడు తెలియక చేసే పొరపాటు ఒకటుంది, అది చాలా ప్రమాదం. బ్రేకు రబ్బరు కూర్చునే ఇనుప గూటికి ఒక కొన మూసి, రెండో కొన తెరిచి ఉంటుంది. చక్రం తిరుగుతూ రబ్బరును ఏ వైపు లాగుతుందో ఆ వైపు మూసిన కొన ఉండాలి. తిరగేసి బిగిస్తే మామూలుగా నొక్కినన్నాళ్లూ ఏమీ కాదు. ఒకరోజు లారీ అడ్డమొచ్చి గట్టిగా పట్టినప్పుడు రబ్బరు గూటిలోంచి జారి ఎగిరిపోతుంది. కొత్త రబ్బరు వేయించిన వెంటనే అంగడి ముందే వంగి ఆ కొన ఏ వైపు ఉందో చూసుకోవాలి.

తీగ బ్రేకులున్న సైకిళ్లలో చూడాల్సినవి వేరు. రబ్బరు రిమ్ము మీదే పూర్తిగా ఆనాలి. పైకి జరిగితే టైరు పక్కగోడను కోసేస్తుంది. కిందికి జారితే స్పోకుల్లోకి దూరి చక్రాన్ని ఒక్కసారిగా బిగబట్టేస్తుంది. రబ్బరు మీది గాళ్లు అరిగి మాయమైతే మార్చాల్సిందే. తీగ పురి విడిపోయి ఒక పోగు తెగినట్టు కనిపిస్తే ఇంకో వారం ఆగుదాం అనుకోకూడదు. తీగ తెగేది ఎప్పుడూ గట్టిగా లాగినప్పుడే, అంటే బ్రేకు అత్యవసరమైన క్షణంలోనే.

అర నిమిషంలో రెండు బ్రేకులనూ పరీక్షించవచ్చు. సైకిల్ పక్కన నిలబడి ముందు బ్రేకు పట్టి ముందుకు తోయండి. ముందు చక్రం తిరగకూడదు, వెనక చక్రం నేల విడవబోవాలి. తర్వాత వెనక బ్రేకు పట్టి తోయండి. వెనక చక్రం తిరగకుండా నేల మీద ఈడ్చుకుంటూ రావాలి. ఎంత తోసినా చక్రం మెల్లగా దొర్లుతోందంటే ఆ సైకిల్‌ను ఆ పూట తోసుకుంటూ అంగడికి తీసుకెళ్లడమే మంచిది.

ముందు బ్రేకు పడితే తలకిందులై పడతామన్న భయం మన దగ్గర బలంగా ఉంది. ఆ భయంతో చాలామంది ముందు బ్రేకును పాడైపోనిస్తారు, కొందరు విప్పించేస్తారు కూడా. ఇది లెక్కకు నిలవదు. సైకిల్ ఆగబోయేటప్పుడు బరువంతా ముందుకు వాలుతుంది, వెనక చక్రం తేలికవుతుంది, తేలికైన చక్రానికి పట్టు ఉండదు. పొడి తారురోడ్డు మీద గంటకు 15 కిలోమీటర్ల వేగంలో మనసు గ్రహించి చేయి కదలడానికి ఒక సెకను పట్టిందనుకుంటే, ఆ సెకనులోనే 4 మీటర్లు పోతాం. ఆ తర్వాత రెండు బ్రేకులూ పడితే సుమారు 2 మీటర్లలో ఆగుతాం, వెనకది ఒక్కటే పడితే 4 మీటర్లు. తేడా చిన్నదిగా అనిపిస్తుంది. అదే దిగుడులో వేగం 30 అయితే సెకనులో 8 మీటర్లు పోయాక రెండు బ్రేకులతో మరో 7 మీటర్లు, వెనకదానితోనే అయితే 16 మీటర్లు. మొత్తం 15 ఎక్కడ, 24 ఎక్కడ! ఆ 9 మీటర్ల తేడాలో ఒక లారీ నిలబడుతుంది.

తలకిందులయ్యేది ముందు బ్రేకు ఉన్నందుకు కాదు, దాన్ని ఒక్క కుదుపుతో పట్టినందుకు. మోచేతులు బిగించి, నడుము కాస్త వెనక్కి జరిపి, రెండు పిడులనూ కలిపి క్రమంగా బిగిస్తూ పోవాలి. ఇసుక మీద, కంకర మీద, మలుపులో ఉన్నప్పుడు మాత్రం ముందు బ్రేకు జోలికి పోకుండా వెనకదాన్ని నమ్ముకోవాలి. అక్కడ ముందు చక్రం జారితే నిలదొక్కుకునే వీలుండదు. బడి మైదానంలో సుద్దగీత గీసి పిల్లల చేత పదిసార్లు ఆపిస్తే ఈ పట్టు చేతికి వచ్చేస్తుంది. ఇదొక్కటి నేర్పితే చాలా దెబ్బలు తప్పుతాయి.

వాన పడితే ఈ అంకెలన్నీ తారుమారు. మెరుగు పూసిన ఇనుప రిమ్ము తడిస్తే బ్రేకు దాదాపు పట్టనట్టే ఉంటుంది, ఆగే దూరం ఎన్నో రెట్లు పెరుగుతుంది. సీమలో వాన అరుదు కాబట్టి తడి రిమ్ముతో తొక్కడం ఎవరికీ అలవాటు లేదు, ఏడాదిలో ఆ కొన్ని రోజులే కొంప ముంచుతాయి. ఆగాల్సిన చోటుకు చాలా ముందు నుంచే బ్రేకును తేలిగ్గా ఆనించి ఉంచితే రబ్బరు రిమ్ము మీది నీటిని తుడిచేస్తుంది, ఆ తర్వాతే అసలు పట్టు మొదలవుతుంది.

పల్లేరు, కంప, ఎండ

ఇక్కడి టైర్లకు శత్రువులు ఇక్కడివే. పల్లేరు కాయ నేల మీద ఎలా పడినా ఒక ముల్లు పైకే చూస్తుంది. రోడ్డు అంచు వదిలి మట్టిలోకి దిగితే ముందు కలిసేది అదే. చెరువు కట్టల వెంట, వంకల పక్కన సర్కారు తుమ్మ కంప కొట్టి బండ్లకెత్తిన దారిలో రాలిపడిన ముళ్లు టైరులో విరిగి లోపలే ఉండిపోతాయి. పంచరు వేసిన మర్నాడే మళ్లీ గాలి పోయిందంటే ప్యాచీ తప్పు కాకపోవచ్చు. టైరు లోపలంతా గుడ్డతో తుడవాలి, ముల్లు ఉన్నచోట గుడ్డ పోగు తట్టుకుంటుంది. వేలితో తడిమితే వేలే తెగుతుంది.

ట్యూబుకు పడిన రంధ్రం తన కథ తానే చెబుతుంది. నేల వైపు ఒక చుక్కలా ఉంటే ముల్లో మేకో. రిమ్ము వైపు ఉంటే స్పోకు కొన గుచ్చుకుంది, రిమ్ము మీది రబ్బరు పట్టీ జరిగిపోయి ఉంటుంది. పాము కాటులా పక్కపక్కనే రెండు గాట్లు ఉంటే గాలి తక్కువై గుంతలో రిమ్ముకూ రాయికీ మధ్య ట్యూబు నలిగింది. మొదటిదానికి ప్యాచీ సరిపోతుంది. రెండోదానికి పట్టీ సర్దకపోతే, మూడోదానికి గాలి సరిగా కొట్టకపోతే రేపు మళ్లీ పంచరు తప్పదు.

గాలి ఎంత ఉండాలో టైరు పక్కగోడ మీదే అచ్చువేసి ఉంటుంది. పెద్ద సైకిళ్లకు, లావు టైర్ల పిల్లల సైకిళ్లకు ఎక్కువగా 40 నుంచి 50 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) ప్రాంతంలో సరిపోతుంది. కూర్చున్న మనిషి బరువులో సగానికి పైగా వెనక చక్రం మీదే పడుతుంది కాబట్టి వెనక కాస్త ఎక్కువ ఉండాలి. సన్నటి రబ్బరు గొట్టం తొడిగే వాల్‌ట్యూబు రకం వాల్వుకు గేజి పెట్టడం కుదరదు. దానికి బొటనవేలే గేజి: గట్టిగా నొక్కితే టైరు చాలా కొద్దిగా మాత్రమే లోపలికి పోవాలి. ఆ వాల్‌ట్యూబు రబ్బరు ఎండకు గట్టిపడి పగిలితే పంచరు లేకుండానే రాత్రికి రాత్రి గాలి దిగిపోతుంది. వాల్వు కొన మీద కాస్త ఉమ్మి రాస్తే బుడగ లేస్తుంది. రెండంగుళాల వాల్‌ట్యూబు ముక్క జేబులో ఉంటే సగం తిప్పలు తీరతాయి. మోటారు సైకిల్ రకం వాల్వు ఉన్నవాళ్లు పెట్రోలు బంకులో గాలి పట్టించుకుంటుంటారు. సైకిల్ ట్యూబు చిన్నది, రెండు మూడు సెకన్లలోనే నిండిపోతుంది, ఆ యంత్రం ముందు జాగ్రత్తగా ఉండాలి.

ఎండలో పెడితే టైరు పేలుతుందన్న మాటలో సగమే నిజం. పొద్దున 25 డిగ్రీల చల్లదనంలో 45 పీఎస్ఐ కొట్టిన టైరు మధ్యాహ్నం ఎండలో కాలే బండ మీద 60 డిగ్రీలకు చేరితే లోపలి ఒత్తిడి 52 దాకా పెరుగుతుంది. మంచి టైరు దాన్ని ఇట్టే తట్టుకుంటుంది. పేలేది పక్కగోడ ఎండకు బీటలు తీసి, లోపలి నూలు పోగులు బయటపడ్డ టైరు. అంటే ఎండ చేసే అసలు నష్టం ఆ మధ్యాహ్నం ఒత్తిడి పెంచడంలో లేదు, రెండేళ్ల పాటు రబ్బరును ఎండగట్టడంలో ఉంది. బడిలో సైకిళ్ల తావు మీద నాలుగు రేకులు కప్పితే టైర్లు ఇంకొన్నేళ్లు నిలుస్తాయి. పక్కగోడ మీద వేలిగోరు దూరే బీట కనిపిస్తే గాలి తగ్గించి నెట్టుకురావడం పరిష్కారం కాదు, టైరు మార్చాలి.

తక్కిన భాగాలు

ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య బిగించి హ్యాండిల్ తిప్పి చూడాలి, అది వేరేగా తిరిగితే మధ్య బోల్టు వదులు. ముందు బ్రేకు పట్టి సైకిల్‌ను ముందుకూ వెనక్కూ ఊపితే హ్యాండిల్ మెడ దగ్గర టకటక వినిపిస్తే అక్కడి బేరింగు కప్పులు వదులు. చక్రాన్ని పక్కలకు ఊపితే ఆడకూడదు. ఆడితే ఇరుసు మీది కోన్ (బాల్సును అదిమి ఉంచే నట్టు) బిగించాలి, లోపల బాల్సు అరిగి ఉంటే మార్చాలి. రెండు చక్రాల నట్లూ బిగువుగా ఉండాలి. స్పోకులను వేలితో ఒక్కొక్కటే మీటితే అన్నీ దాదాపు ఒకే మోత ఇస్తాయి, డబ్బుమని మోగేది వదులైంది. పెడలు తొక్కేటప్పుడు ప్రతి చుట్టుకూ ఒకసారి టక్కుమంటే పెడలు కాడను ఇరుసుకు బిగించే కాటరు పిన్ను వదులు. ఇవన్నీ చూడటానికి రెండు నిమిషాలు చాలు. ఎడమ పెడలు మర తిరగేసి ఉంటుందని గుర్తుంచుకుంటే బిగించబోయి విప్పే పొరపాటు జరగదు.

చైనును ఒక వేలితో పైకి కిందికి కదిపితే అరంగుళం ఆడాలి. మరీ వదులైతే గతుకులో ఊడి, నిలబడి తొక్కుతున్నవారిని హ్యాండిల్ మీదికి తోసేస్తుంది. కొత్త చైనులో 24 కణుపులు సరిగ్గా 12 అంగుళాలుంటాయి. స్కేలు పెట్టి చూస్తే అంగుళంలో ఎనిమిదో వంతు సాగి ఉంటే దాని పని అయిపోయినట్టే. చైను కవరు శబ్దం చేస్తోందని విప్పి పారేసే అలవాటు మానాలి. చున్నీ, లంగా, పంచె, ప్యాంటు అంచు చైనులో పడితే ఆగే సమయం కూడా ఉండదు. వెనక చక్రానికి చీర గార్డు ఆడవాళ్ల సైకిల్‌కు అలంకారం కాదు, స్పోకుల్లోకి గుడ్డనూ, వెనక కూర్చున్న పిల్లల పాదాలనూ పోనివ్వని అడ్డు.

కొత్తగా కొన్న గేర్ల సైకిల్ అయితే ఇంకొకటి చూడాలి. విడి భాగాలుగా వచ్చినదాన్ని అంగట్లో హడావిడిగా బిగించినప్పుడు ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు వెనక్కి తిరిగి ఉండటం కద్దు. ఫోర్కు కాళ్లు కిందికొచ్చేసరికి ముందుకు వంగాలి. తిరగేసి బిగిస్తే ముందు చక్రం ఫ్రేముకు దగ్గరై, మలుపులో పాదం చక్రానికి తగులుతుంది, సైకిల్ నిలకడ తప్పుతుంది. కొత్త సైకిల్ కాబట్టి బాగానే ఉంటుందని నమ్మకూడదు.

రేపు పెరుగుతాడులే అని పిల్లవాడికి పెద్ద సైకిల్ కొనడం డబ్బు ఆదా అనిపిస్తుంది. ఆగినప్పుడు రెండు కాళ్ల మునివేళ్లూ నేలకు అందని సైకిల్ మీద పిల్లలు ఆగడానికే భయపడతారు, ఆగాల్సిన చోట కూడా సందు చూసుకుని దూరిపోతారు. తొక్కేటప్పుడు పెడలు అట్టడుగున ఉన్నప్పుడు మడమ పెడితే కాలు నిటారుగా చాచుకోవాలి, సీటు అంత ఎత్తులో ఉంటే చాలు. ఇంకా నేర్చుకుంటున్న పిల్లలకు సీటు ఇంకాస్త దించాలి.

బరువు సంగతికొస్తే, నిండు గ్యాస్ సిలిండరులో గ్యాసే 14.2 కిలోలు, సిలిండరుతో కలిపి సుమారు 30 కిలోలు. ఇరవై లీటర్ల నీళ్ల క్యాను 20 కిలోలు. అది క్యారియరు మీద వెనక ఇరుసుకు ఇంకా వెనక్కి పడితే ముందు చక్రం తేలిపోతుంది, హ్యాండిల్ గాలిలో తిరిగినట్టు అనిపిస్తుంది. బరువు సీటుకు ఎంత దగ్గరగా, ఎంత కిందుగా ఉంటే అంత మంచిది. పాల క్యాన్లు రెండు పక్కలా సమంగా వేలాడాలి. హ్యాండిల్‌కు సంచి తగిలిస్తే అది ఊగి ముందు చక్రంలోకి పోతుంది, ఒక్క సంచి చక్రాన్ని బిగబట్టి మనిషిని ముందుకు విసిరేయగలదు.

చీకట్లో లారీ ఏం చూస్తుంది

కల్లూరు నుంచి కర్నూలుకైనా, రాప్తాడు నుంచి అనంతపురానికైనా చీకటి పూట సైకిల్ తొక్కేవారికి ఎదురుగా వచ్చే బండ్లు కనిపిస్తాయి. కానీ చాలా సార్లు ముప్పు వెనక నుంచి వస్తుంది, దాన్ని సైకిల్ మనిషి చూడలేడు. ఇక్కడ భద్రతంతా లారీ డ్రైవరు కంటిలో ఉంది.

లైటు దించి వస్తున్న బండి వెలుగులో ముదురు బట్టలు కట్టిన మనిషి సుమారు 40 మీటర్ల దూరం వచ్చేదాకా కనిపించడు. లారీ వేగం గంటకు 60, సైకిల్ వేగం 15 అనుకుంటే వాటి మధ్య దూరం గంటకు 45 చొప్పున, అంటే సెకనుకు 12.5 మీటర్ల చొప్పున తరుగుతుంది. 40 మీటర్లు తరగడానికి మూడు సెకన్లకు కాస్త ఎక్కువ. ఆ లోపు డ్రైవరు చూడాలి, సైకిలని పోల్చుకోవాలి, పక్కకు తప్పించాలి. అదే శుభ్రమైన ఎర్ర రిఫ్లెక్టరు 150 మీటర్ల నుంచి మెరిస్తే అతనికి 12 సెకన్లు దొరుకుతాయి.

సైకిళ్లకు అమర్చే రిఫ్లెక్టర్లు నిర్దేశిత నాణ్యతతో ఉండాలని కేంద్ర ప్రభుత్వం 2020లో ఉత్తర్వు తెచ్చింది. ముందు తెలుపు, వెనక ఎరుపు, పెడళ్లకు పసుపు, చక్రాలకు పక్కల నుంచి కనిపించేవి. కొత్త సైకిల్‌తో వచ్చిన వీటిని బాగోలేవని పీకేయకూడదు. పెడళ్ల రిఫ్లెక్టర్లకు ప్రత్యేకమైన విలువ ఉంది: అవి పైకీ కిందికీ ఆడుతుంటే డ్రైవరుకు అది రాయో రోడ్డు గుర్తో కాదు, సైకిలని దూరం నుంచే తెలిసిపోతుంది.

అందరూ రేడియం అని పిలిచే స్టిక్కరుకు సొంత వెలుగు లేదు. తన మీద పడ్డ వెలుగును వచ్చిన దారినే తిప్పి పంపుతుంది, అంతే. అందుకే దుమ్ము కప్పితే అది పని చేయదు. మడ్‌గార్డు వంగి రిఫ్లెక్టరు ఆకాశాన్నో నేలనో చూస్తుంటే ఉన్నా లేనట్టే. గడ్డిమోపు, పుస్తకాల సంచి, నీళ్ల క్యాను దాన్ని కప్పేసినా అంతే. వారానికోసారి తడిగుడ్డతో తుడవాలి, అది నిటారుగా వెనక్కి చూస్తోందో లేదో చూడాలి, బరువు కడితే బరువు వెనకే ఒక రేడియం ముక్క అతికించాలి. లైటు లేని ట్రాక్టరుకు, ఎడ్లబండికి రిఫ్లెక్టరు కనిపించదు కాబట్టి బ్యాటరీతో మిణుకుమనే ఎర్ర లైటు కూడా ఉంటేనే పని పూర్తవుతుంది. టైరుకు ఆనించే డైనమో సైకిల్ ఆగగానే ఆరిపోతుంది, అడ్డరోడ్డు దగ్గర రోడ్డు దాటడానికి ఆగి నిలబడ్డప్పుడే వెలుగు ఉండదు. ఆ లోటును వెనక రిఫ్లెక్టరే పూడ్చాలి.

పగలు కూడా కనబడని వేళలు రెండున్నాయి. సూర్యుడు తక్కువ ఎత్తులో ఉన్నప్పుడు మన కళ్లలోకి ఎండ కొడుతోందంటే మన వెనక వచ్చే డ్రైవరు కళ్లలోకీ కొడుతోంది, అతనికి మనం కనిపించం. మన నీడ మనకు ముందు పొడుగ్గా పడుతోందంటే ఎదుటివాడికి ఎండ కొడుతోంది. కర్నూలు నుంచి నంద్యాల వైపు పొద్దున్నే పోయేవారికీ, సాయంత్రం తిరిగి వచ్చేవారికీ మొదటి ముప్పు రోజూ ఉండేదే.

ఎక్కడ తొక్కాలి, ఎలా తొక్కాలి

ఎడమ పక్కనే, కానీ అంచుకు అతుక్కుని కాదు. తారు అంచు నుంచి చేయి చాపినంత దూరం వదిలి తొక్కాలి. మరీ అంచుకు పోతే తారుకూ మట్టికీ మధ్య ఉన్న మెట్టులోకి చక్రం దిగి, తిరిగి ఎక్కబోయేటప్పుడు జారి రోడ్డు మీదికే పడతాం. పొరపాటున దిగితే అక్కడికక్కడే ఎక్కే ప్రయత్నం చేయకుండా వేగం తగ్గించి, ఆగి, ఎత్తి పెట్టుకోవాలి. ఆగివున్న ఆటోలు, కార్ల పక్కగా పోయేటప్పుడు తలుపు తెరుచుకునేంత మేర, అంటే ఒక మీటరుకు పైగా వదలాలి.

నాలుగు వరసల రహదారుల మీద అవతలికి దాటే చోటు దూరమని ఎదురు దారిలో పోవడం సీమలో మామూలైపోయింది. ఎదురొచ్చే బండి కనిపిస్తుంది కదా అన్నది వారి వాదన. పైన వేసిన లెక్కే మళ్లీ వేస్తే ఇప్పుడు రెండు వేగాలూ కలుస్తాయి: 75. ఆ 40 మీటర్లకు మూడు సెకన్లు ఉండేది రెండు సెకన్లలోపుకు పడిపోతుంది. పైగా సందులోంచి ఎడమకు తిరగబోయే డ్రైవరు కుడి వైపు నుంచి బండ్లు వస్తున్నాయా అని చూస్తాడు, ఎడమ నుంచి వచ్చే సైకిల్ అతని ఆలోచనలోనే ఉండదు. సర్వీసు రోడ్డు ఉన్నచోట కిలోమీటరు ఎక్కువైనా అదే దారి.

తాడిపత్రి, బేతంచెర్ల, ఎర్రగుంట్ల ప్రాంతాల్లో బండల లారీలు, సిమెంటు లారీలు రోజంతా నడుస్తాయి. పొడవాటి లారీ ఎడమకు తిరిగితే దాని వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. ముందు నుంచి లారీ చాలా దూరంగా ఉన్నట్టే కనిపిస్తుంది, వెనక చక్రం వచ్చేసరికి సందు మాయమవుతుంది. అడ్డరోడ్ల దగ్గర ఆగిన లారీకి ఎడమ పక్కన దూరి నిలబడకూడదు. డ్రైవరుకు ఆ మూల కనిపించదు. వెనకే ఆగాలి. అద్దంలో డ్రైవరు ముఖం మనకు కనిపించకపోతే మనం అతనికి కనిపించనట్టే.

జూన్ నుంచి ఆగస్టు దాకా రామగిరి, ఉరవకొండ కొండల మీది గాలిమరలను తిప్పే పడమటి గాలి సైకిళ్లనూ తిప్పేస్తుంది. 44వ నంబరు జాతీయ రహదారి ఉత్తరం నుంచి దక్షిణానికి సాగుతుంది కాబట్టి ఈ గాలి పక్క నుంచి కొడుతుంది. గుత్తి వైపు పోయేవారిని అది రోడ్డు మధ్యకు, బండ్ల వైపు తోస్తుంది. పెనుకొండ వైపు పోయేవారిని అంచు వైపు తోస్తుంది, అది మేలనిపిస్తుంది. అక్కడే చిక్కు. గాలికి ఎదురొడ్డి కుడికి వాలి తొక్కుతుంటే కుడి పక్క నుంచి లారీ దాటుతుంది. లారీ గాలిని అడ్డగించిన క్షణంలో ఎదురొడ్డే బలానికి ఆనిక పోయి మనిషి లారీ వైపే తూలుతాడు. లారీ దాటగానే గాలి మళ్లీ ఒక్క దెబ్బ కొడుతుంది. వెనక పెద్ద బండి మోత వినగానే తొక్కడం ఆపి, హ్యాండిల్ రెండు చేతులా వదులు లేకుండా పట్టి, ఇంకాస్త ఎడమకు జరగాలి. గాలి మరీ ఉధృతంగా ఉంటే దిగి నిలబడటంలో నామోషీ లేదు.

కోతల కాలంలో రోడ్డు మీదే శెనక్కాయలు, కొర్రలు, జొన్నలు ఆరబోస్తారు. కొర్రగింజల మీద చక్రం పడితే బాల్సు మీద పడ్డట్టే. అక్కడ బ్రేకు వేయకుండా, హ్యాండిల్ తిప్పకుండా, తిన్నగా దొర్లిపోవాలి. కుప్ప చుట్టూ పెట్టిన రాళ్లు రాత్రికి తీయకపోతే కనిపించవు కాబట్టి ఆ దారి పగలే చూసి పెట్టుకోవాలి. కోయిలకుంట్ల, జమ్మలమడుగు వైపు వాన పడ్డాక ట్రాక్టరు చక్రాలు నల్లరేగడిని తారు మీదికి మోసుకొస్తాయి, అది సబ్బులా జారుతుంది. నేల మీదే తొక్కితే ఆ మట్టి టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య దట్టించుకుని చక్రాన్ని నిలిపేస్తుంది. చేతికందే పుల్లతో గీకి తీయడం తప్ప దారి లేదు. రైలు పట్టాలను ఏటవాలుగా దాటితే చక్రం సందులో ఇరుక్కుంటుంది, ఎప్పుడూ అడ్డంగానే దాటాలి.

కడప నుంచి రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాట్ లాంటి దిగుళ్లలో బ్రేకును ఆపకుండా పట్టి ఉంచితే రిమ్ము వేడెక్కి ప్యాచీ ఊడిపోతుంది. గట్టిగా పట్టి వేగం తగ్గించి వదిలేయడం, మళ్లీ పట్టడం మంచిది. బరువుతో ఉంటే దిగి నడవాలి.

సైకిల్‌కు హెల్మెట్ తప్పనిసరి అని చట్టం చెప్పడం లేదు. వేడికి ఎవరూ పెట్టుకోరన్న మాట నిజమే, కానీ సైకిల్ హెల్మెట్ మోటారు సైకిల్ హెల్మెట్‌లా మూసుకుపోయి ఉండదు, గాలి సందులతో తేలిగ్గా ఉంటుంది. కనుబొమలకు రెండు వేళ్ల పైన కూర్చోవాలి, గడ్డం కింద పట్టీలో రెండు వేళ్లకు మించి దూరకూడదు. తల వెనక్కి నెట్టి టోపీలా పెట్టుకుంటే నుదుటికి రక్షణ ఉండదు.

దెబ్బ తగిలాక

పడ్డ మనిషిని ఆస్పత్రికి చేర్చినవారిని కేసు పేరుతో వేధించకుండా 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణ కాపాడుతుంది, కాబట్టి 108కి ఫోను చేయడానికి, బండి ఎక్కించడానికి జంకనక్కరలేదు. మోటారు వాహనం గుద్దితే బాధితుడికి ఏడు రోజుల వరకూ లక్షన్నర రూపాయల దాకా నగదు కట్టకుండా చికిత్స అందించే కేంద్ర పథకం 2025 మే నుంచి అమల్లో ఉంది. సైకిల్ మీద ఉన్నవారికీ అది వర్తిస్తుంది. గుద్దిన బండి ఆగకుండా పోతే దాని కోసం వేరే పరిహార పథకం ఉంది, అందుకు పోలీసు రికార్డు కావాలి. చిన్న దెబ్బే కదా అని ఫిర్యాదు చేయకుండా ఇంటికి పోతే ఆ దారి మూసుకుపోతుంది.

ఇక సైకిల్. దెబ్బ తిన్న సైకిల్‌ను ఎత్తి, హ్యాండిల్ సరిచేసుకుని ఎక్కేస్తారు. ఎక్కేముందు సైకిల్‌కు పక్కగా నిలబడి చూడాలి. ముందు చక్రం ఫ్రేము వైపు వెనక్కి జరిగినట్టు ఉందా? మెడ దగ్గర కింది పైపు మీద రంగు ముడతలు పడి పగిలిందా? పడితే పైపు లోపల ముడుచుకుంది, అది ఎప్పుడైనా విరగవచ్చు. తలకు తగిలిన హెల్మెట్ పైకి బాగున్నా లోపలి థర్మోకోల్ నలిగి ఉంటుంది, దానితో ఇక పని లేదు. వంగిన ఫోర్కును సుత్తితో కొట్టి సరిచేయించుకోవడం మన అంగళ్లలో జరిగేదే. ఒకసారి వంచి మళ్లీ వంచిన ఇనుము ఆ వంపు దగ్గరే బలహీనపడుతుంది, మరో గుంతలో విరిగి ముందు చక్రం ఊడిపోతుంది. ఫోర్కు మార్చాల్సిందే.